తాడుకి అటువైపు నూకన్న

హెలికాప్టర్ చక్రాలు లిటిల్ అండమాన్ దీవిలోని హట్ బే హెలిప్యాడ్‌కి ఇలా తగిలాయో లేదో కనకలక్ష్మి అలా బెల్టు విప్పేసింది. "పైన రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి సిస్టర్, తల అక్కర్లేదా నీకు?" అని కెప్టెన్ హిందీలో కసిరితే మళ్ళీ కూర్చుంది గానీ, కూర్చున్నది ఒళ్ళే, మనసు అప్పటికే బయటికి దూకేసి అంబులెన్స్ దగ్గర నిలబడింది. పోర్ట్ బ్లెయిర్ పక్కన బ్రూక్షాబాద్‌లో పుట్టి, అక్కడే చదివి, నర్సై, ఈ హెలికాప్టర్ టీములో కొత్తగా చేరింది. ఇప్పటిదాకా దీవుల నుంచి పురిటినొప్పులతో వచ్చినవాళ్ళని తెచ్చింది, గుండెనొప్పులని తెచ్చింది, జ్వరాలని తెచ్చింది. రక్తం పోతున్న మనిషిని తీసుకెళ్ళడం మాత్రం ఇదే మొదలు.

పోతున్న రక్తం కూడా కంటికి కనపడేది కాదు. లిటిల్ అండమాన్ డాక్టరు ఫోన్లో చెప్పింది ఇంతే: మత్స్యకారుడు, ఒడ్డుకి లాగుతున్న డోంగీ పడవ జారి నడుం మీద పడింది, తుంటి ఎముక విరిగింది, లోపల రక్తం కారుతోంది, షాక్‌లోకి వెళ్తున్నాడు, తొందరగా రండి.

షాక్ అంటే సినిమాల్లో గుండె పట్టుకుని కూలబడటం కాదు. ఒంట్లో తిరగాల్సిన రక్తం తగ్గిపోతుంటే శరీరం ముందు చేతులకీ కాళ్ళకీ సరఫరా కట్టేస్తుంది, ఉన్న కాస్తనీ గుండెకీ మెదడుకీ దాచుకుంటుంది. అందుకే మనిషి చల్లబడతాడు. తర్వాత మెదడుకీ చాలదు, అప్పుడు మాట తేడా చేస్తుంది. ఆ తేడా వచ్చేలోపే పట్టుకోవాలి. ఆపరేషన్ చేసే చోటేమో సముద్రానికి అవతల, పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. ఓడలో అయితే దాదాపు పగలంతా పట్టే దూరం.

కెప్టెన్ ఇంజన్ ఆపాడు. రెక్కల హోరు తగ్గగానే అంబులెన్స్ లోంచి ఓ ఆడమనిషి గొంతు ఠంగున వినిపించింది.

"కదలకు మావా! డోంగీ మీద పడ్డా నీకు బుద్ధి రాలేదు, లెగుస్తానంటావేటి?"

"డోంగీ బాగుందా లేదా అనడిగినాను. నెగుస్తానన్నానేటి?"

"డోంగీకేటైంది? అది నీమీద పడింది, మెత్తగానే పడింది!"

స్ట్రెచర్ మీద ఉన్నాయన నూకన్న. నలభై దాటిన బక్కపలచని మనిషి, ఎండకీ ఉప్పుకీ నల్లబడ్డ మొహం, ఇప్పుడా నలుపు కింద బూడిదరంగు. పక్కన ఆయన భార్య కాళమ్మ, చీర మోకాళ్ళదాకా తడిసి, కాళ్ళకి ఇసక అంటుకునే ఉంది. ఒడ్డు నుంచి ఎలా పరిగెత్తిందో అలాగే ఆసుపత్రికీ, అక్కడి నుంచి ఇక్కడికీ వచ్చేసింది. భుజాన చుట్టిన నైలాన్ తాడు కూడా తీయలేదు.

"నమస్తే బాబాయ్, నేను కనకలక్ష్మిని. ఈ సార్ డాక్టర్ మణికుమార్" అని చెబుతూనే కనకలక్ష్మి ఆయన చెయ్యి అందుకుంది. అందుకుని ఉలిక్కిపడింది. ఐసులోంచి తీసిన వంజరం చేపలా ఉంది ఆ చెయ్యి.

"అరే, ఇంత చల్లగా ఉందేంటి?"

"అదెప్పుడూ అంతే పాపా" అంది కాళమ్మ. "పొద్దున్నించీ ఐసుపెట్టెలో సేతులెట్టి సేపలు సర్దినాడు. పెళ్ళిలో నా సెయ్యట్టుకున్నప్పుడూ సల్లగానే ఉన్నాడు. పీనిగేటిరా ఇలాగున్నాడని నాను బయపడిపోనాను."

"అయినా ఒగ్గలేదు కదా" అన్నాడు నూకన్న.

కనకలక్ష్మికి నవ్వొచ్చింది. నవ్వుతో పాటు వాళ్ళ నాన్న యర్రయ్య గుర్తొచ్చాడు. జంగ్లీఘాట్ చేపల జెట్టీలో ఆయన చేసేది ఐసు పనే. చిన్నప్పుడు స్కూలు నుంచి వస్తే, ఆ చేతులు తెచ్చి ఆమె బుగ్గలకి ఆనించి, ఆమె కెవ్వుమంటే పడీపడీ నవ్వేవాడు. చేపల పని చేసే ఇళ్ళల్లో మగాళ్ళ చేతులు చల్లగా ఉంటాయి, అందులో వింతేముంది? అదే మాట డాక్టరుకి చెప్పేసింది.

"సార్, చేతులు ఐసు పని వల్ల చల్లగా ఉన్నాయి. మణికట్టు దగ్గర నాడి అందుతోంది. మాట సాఫ్‌గా ఉంది, జోకులు కూడా వేస్తున్నాడు."

"గుడ్" అని మణికుమార్ మానిటర్ తగిలించడంలో పడ్డాడు.

తర్వాత తుంటికి బైండర్ కట్టాలి. వెడల్పాటి బెల్టు అది. విరిగిన ఎముకలు కదలకుండా బిగించి పట్టుకుంటే లోపల కారే రక్తం కొంత నెమ్మదిస్తుంది. దాన్ని మోకాళ్ళ కింది నుంచి దూర్చి పైకి జరుపుకోవాలి, మనిషిని అటూ ఇటూ దొర్లించకూడదు. కనకలక్ష్మి ఆయన మోకాళ్ళ కింద చెయ్యి పెట్టింది.

పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మోకాలు చల్లగా ఉంది. చల్లగా, చెమటతో జిగటగా. రెండోదీ అంతే. ఐసుపెట్టెలో చేతులు పెడతారు గానీ మోకాళ్ళు ఎవరు పెడతారు?

ఆమెకి చెవులు వేడెక్కాయి. ఇంతసేపూ నాన్న చేతులు తలుచుకుని మురిసిపోయింది, ఈయన చేతులు చూడనే లేదు!

"సార్, తప్పు చెప్పాను" అంది గబగబా. "ఐసు కాదు. మోకాళ్ళు కూడా చల్లగా ఉన్నాయి, చెమట పడుతోంది. షాకే ఇది, చాలా రక్తం పోయింది."

మణికుమార్ కసురుకోలేదు. తనూ ఓసారి మోకాలు తాకి చూశాడు. "టైముకి చూశావు. బైండర్ బిగించెయ్. రక్తం గడ్డకట్టే ఇంజక్షన్ నేను ఇస్తున్నా. సెలైన్ మాత్రం చాలా తక్కువ, ఊరికే నీళ్ళు పోసేస్తే ఉన్న రక్తం పలచబడిపోతుంది, కట్టిన గడ్డ కొట్టుకుపోతుంది. మన పెట్టెలో రెండే బ్లడ్ బ్యాగులున్నాయి. నాడి మణికట్టు దగ్గర అందుతూ, మాట తెలివిగా ఉన్నంతసేపూ ఆపుకుందాం. రెండిట్లో ఏది తప్పినా వెంటనే ఎక్కిద్దాం."

బైండర్ బిగుస్తుంటే నూకన్న పళ్ళు కొరుక్కున్నాడు. "ఓలమ్మో... పాపా, సేపలబుట్టకి తాడు కట్టినట్టు కడతన్నావేటి?"

"సహించు బాబాయ్, అయిపోయింది, అయిపోయింది."

మీద వెండిరంగు దుప్పటి కప్పి చుట్టేశారు, ఒంట్లో ఉన్న వేడి పోకుండా. అది చూసి కాళమ్మ మూతి తిప్పింది. "బిరియానీ పొట్లంలాగున్నాడు."

"ఆకలేస్తే తినేసీ" అన్నాడు నూకన్న. గొంతు ఇందాకటికంటే తగ్గింది. కనకలక్ష్మి అది గమనించింది.

స్ట్రెచర్ లోపలికెక్కింది. తోడు వచ్చేవాళ్ళకి సీటు ఒక్కటే, ఆయన తల పక్కనే. కాళమ్మ ఎక్కి కూర్చుని, అటూ ఇటూ చూసి, భుజం మీది తాడు తీసి ఒక కొస నూకన్న కుడి మణికట్టుకి చుట్టడం మొదలుపెట్టింది.

"అరే పిన్నీ, క్యా కర్ రహే హో? ఆ చేతికి సూది ఉంది!"

"మరి ఎడమసేతికి కట్టీదా?"

"అసలెందుకు కట్టడం?"

కాళమ్మ ఆమెని వింతగా చూసింది. "ఇందులో ఇంజను అరుస్తాది కదా, మాట ఇనపడదు కదా. మరి ఆడున్నాడో లేడో నాకెలాగ తెలుస్తాది?"

అప్పుడు చెప్పుకొచ్చింది. వాళ్ళ పాత ఊళ్ళో, శ్రీకాకుళం ఒడ్డున, ఆడవాళ్ళు సముద్రం మీదికి వెళ్ళరు. ఇక్కడేమో ఇంకో మనిషి చెయ్యి దొరక్క కాళమ్మే డోంగీ ఎక్కింది. వల పగడపురాళ్ళకి చిక్కుకుంటే నూకన్న మణికట్టుకి తాడు కట్టుకుని కిందకి దిగుతాడు, అవతలి కొస కాళమ్మ చేతిలో ఉంటుంది. ఒక గుంజు గుంజితే ఉన్నానని. రెండు గుంజితే ఆగమని. మూడు గుంజితే పైకి లాగమని.

"ఈయన రెండే ఎక్కువ గుంజుతాడు" అంది కాళమ్మ. "నాను పైనించి గోల సేస్తానని. నీటికిందున్నోడికి నా మాటేటి ఇనపడతాది? అయినా గుంజుతాడు, ఆపవే అని."

"ఇనపడతాది" అన్నాడు నూకన్న కళ్ళు మూసుకునే.

కనకలక్ష్మి బుర్రలో లైటు వెలిగింది. మానిటర్ బీపీ చెబుతుంది, గుండె లెక్క చెబుతుంది, మనిషి తెలివిలో ఉన్నాడో లేడో చెప్పదు. ఇంజను హోరులో తను అడగలేదు, ఆయన చెప్పలేడు. ఇదిగో, చెప్పే తాడు! నైలాన్ కొసని తనే తీసుకుని, నూకన్న ఎడమ మణికట్టుకి గుడ్డ చుట్టి దాని మీద వదులుగా కట్టింది.

"పిన్నీ, దారంతా గుంజుతూనే ఉండు. జవాబొస్తే నాకు బొటనవేలు చూపించు. రాకపోయినా, తేడాగా వచ్చినా నా భుజం మీద గట్టిగా కొట్టు. సమ్ఝే?"

"కొట్టడం నాకు కొత్తేటి? ఈయన్నడుగు" అంది కాళమ్మ. తాడు కొస రెండుసార్లు అరచేతికి చుట్టుకుని పిడికిలి బిగించింది.

తలుపు మూసుకుంది. రెక్కలు అందుకున్నాయి. లోకమంతా ఒకటే హోరైపోయింది.

హట్ బే జెట్టీ, మచ్చిడేరా ఒడ్డు మీద చీమల్లా డోంగీలు, తెల్లటి నురగ గీత, అన్నీ జారి వెనక్కి వెళ్ళిపోయాయి. కింద నీలం తప్ప ఏమీ లేదు. మొదటిసారి ఆకాశంలోకి ఎక్కిన కాళమ్మ ఒక్కసారి కూడా కిటికీలోంచి చూడలేదు. చెవులకి పెద్ద పెద్ద డిప్పలు పెట్టుకుని, మొగుడి మొహాన్నే చూస్తూ, ఒక గుంజు. తిరిగి ఒక గుంజు. బొటనవేలు. మళ్ళీ ఒక గుంజు, మళ్ళీ బొటనవేలు. మధ్యమధ్య పెదాలు కదులుతున్నాయి. ఏదో తిడుతూనే ఉంది.

కనకలక్ష్మి నూకన్న మణికట్టు మీద వేళ్ళు పెట్టి కూర్చుంది. పెట్టిందే గానీ, హెలికాప్టరంతా అదురుతుంటే ఆ వేళ్ళ కింద కొట్టుకునేది ఆయన నాడో, ఇంజనో, తన గుండెకాయో తేల్చుకోలేకపోతోంది. వలలు లాగి కాయకట్టిన వేళ్ళకి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పనిచెయ్యలేదని చెవికి మార్చారు. బీపీ పట్టీ ఉబ్బి, తగ్గి, ఒకసారి తొంభై చూపించి, ఇంకోసారి ఉత్త గీతలే చూపించింది. మళ్ళీ ఉబ్బింది, మళ్ళీ గీతలు. కొత్త లెక్క రాక, తెర మూలన పాత తొంభై అలాగే నిలబడి ఉంది.

సగం దారి దాటాక కెప్టెన్ గొంతు హెడ్‌సెట్లో వచ్చింది. "రట్లండ్ దీవి మీద వాన గోడలా ఉంది డాక్టర్‌సాబ్. తూర్పు నుంచి చుట్టు తిరిగి వెళ్ళాలి. కొంచెం లేటవుతుంది."

కొంచెం! కనకలక్ష్మి బ్లడ్ పెట్టెని కాలితో దగ్గరకి లాక్కుంది. దూరంగా సముద్రం మీద నల్లటి తెర వేలాడుతోంది. హెలికాప్టర్ పక్కకి వాలింది.

అప్పుడే భుజం మీద దెబ్బ పడింది. ఎముక అదిరేంత దెబ్బ.

తిరిగి చూస్తే కాళమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. మూడు వేళ్ళు చూపిస్తోంది. చెవుల డిప్పలు లాగి పారేసి ఏదో అరుస్తోంది. ఆ హోరులో ఒక్క ముక్క వినపడలేదు, కానీ పెదాలు చూస్తే తెలిసిపోయింది. లాగమంటన్నాడు! లాగమంటన్నాడు!

నూకన్న కళ్ళు తెరిచి ఉన్నాయి. పైకప్పు వైపు చూస్తున్నాయి, నీటి అడుగు నుంచి పైన వెలుతుర్ని చూసినట్టు. కుడిచెయ్యి వెండి దుప్పటిని పీకేస్తోంది. ఎడమచెయ్యి ఆగకుండా గుంజుతోంది, మూడు, మళ్ళీ మూడు.

"కదులుతున్నాడు" అన్నాడు మణికుమార్ హెడ్‌సెట్లో. కళ్ళు తెర మీదే ఉన్నాయి. "నొప్పనుకుంటా. నొప్పి మందు ఇద్దామా?"

"నొప్పి కాదు సార్!" కనకలక్ష్మి గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నీళ్ళల్లో ఉన్నాననుకుంటున్నాడు. ఊపిరందక పైకి లాగమంటున్నాడు. తెలివి తేడా వస్తోంది సార్, ఆ తొంభై పాతది, చూడకండి దాన్ని!"

మణికుమార్ తెర వదిలేశాడు. మణికట్టు పట్టుకున్నాడు, వెతికాడు, ఇంకోచోట వెతికాడు. అక్కడి నుంచి చెయ్యి మెడ మీదికి వెళ్ళింది. మెడ దగ్గర ఉంది, సన్నగా, పరుగెడుతూ. మణికట్టు దగ్గర లేదు.

"బ్లడ్" అన్నాడు.

పెట్టె మూత తెరుచుకుంది. బ్యాగు మీద చీటీ ఇద్దరూ కలిసి చూశారు. ఎంత తొందరైనా అది మాత్రం ఇద్దరూ చూడాల్సిందే. చల్లబడిన మనిషికి చల్లటి రక్తం ఎక్కిస్తే ఇంకా చల్లబడతాడు, అందుకని గొట్టాన్ని వెచ్చబెట్టే చిన్న పెట్టెలోంచి పోనిచ్చారు. తర్వాత కనకలక్ష్మి ఆ ఎర్రటి బ్యాగుని రెండు చేతుల మధ్యా పట్టుకుని పిసకడం మొదలుపెట్టింది. ఉన్న బలమంతా పెట్టి, ఎక్కు, ఎక్కు తల్లీ, ఎక్కు అనుకుంటూ.

కాళమ్మ ఇంకా మూడు వేళ్ళు చూపిస్తూనే ఉంది. కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. లాగమంటే లాగే మనిషి, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా లాగకుండా ఉండని మనిషి, సీటు బెల్టు కట్టుకుని ఆకాశంలో కూర్చుని ఏం లాగుతుంది?

కనకలక్ష్మికి చేతులు ఖాళీ లేవు. బ్యాగుని గడ్డంతో చూపించింది, నూకన్నని చూపించింది, భుజాలు వెనక్కి ఊపి తాడు లాగుతున్నట్టు చేసింది. ఇదే లాగడం పిన్నీ. లాగుతున్నాం.

కాళమ్మకి అర్థమైంది. కళ్ళు తుడుచుకుంది. తాడుని మెల్లగా దగ్గరకి తీసుకుని బిగువుగా పట్టుకుంది. కుదపలేదు, గుంజలేదు, వదులు మాత్రం లేకుండా అలా పట్టుకుంది. పైనున్న మనిషి లాగుతోందని కిందున్నవాడికి తెలిసేది ఆ బిగువుతోనే. నూకన్న చెయ్యి ఇంకో మూడు గుంజింది. తాడు బిగువుగానే ఉంది. ఆ చెయ్యి కాసేపు ఆగింది. దుప్పటి పీకే చెయ్యీ ఆగింది.

వాన పక్కనుంచి జారిపోయింది. మొదటి బ్యాగు చదునైపోయింది. మణికుమార్ రెండోది తగిలించి, "ఆపరేషన్ థియేటర్ రెడీగా ఉంచండి, డాక్టర్లు హెలిప్యాడ్ దగ్గరికే వచ్చెయ్యాలి" అని కెప్టెన్ చేత రేడియోలో చెప్పించాడు. కనకలక్ష్మి చేతులు మొద్దుబారిపోయాయి, అయినా పిసుకుతూనే ఉంది. కిటికీలో పోర్ట్ బ్లెయిర్ చాతం సామిల్లు రేకులూ, వంతెనా, ఫీనిక్స్ బే లో ఓడలూ ఒక్కసారిగా పైకి లేచి వచ్చాయి.

భుజం మీద ఇంకో దెబ్బ. ఈసారి మెత్తగా.

కాళమ్మ ఒక వేలు చూపిస్తోంది. చిన్న చేప ఎరని ముట్టి వదిలినంత గుంజు అట, తర్వాత చెప్పింది. కానీ ఒకటి. ఉన్నాను.

హెలిప్యాడ్ నుంచి నూకన్నని తీసుకెళ్ళిపోయారు. తాడుని కత్తెరతో కత్తిరించాల్సి వచ్చింది. కాళమ్మ అరచేతిలో మిగిలిన ముక్కని ఎవ్వరూ అడగలేదు, ఆమె ఇవ్వనూ లేదు.

ఆ సాయంత్రం కనకలక్ష్మి బ్రూక్షాబాద్ ఇంటికి వెళ్ళేసరికి యర్రయ్య అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఆమె తిన్నగా వెళ్ళి ఆయన చేతులు పట్టుకుంది. చల్లగా ఉన్నాయి. వంగి మోకాలు ముట్టుకుంది. వెచ్చగా ఉంది.

"ఏటే, కాళ్ళకి దండాలా? ఏటి కావాలి నీకు?" అన్నాడు యర్రయ్య అనుమానంగా.

"ఏం వద్దు నాన్నా. కాసేపలా కూర్చో."

నూకన్న తుంటి బాగుచేయడానికి ఒక ఆపరేషన్ చాల్లేదు, రెండోది కూడా అయ్యింది. కొన్ని రోజులైనా ఇంకా ఐసీయూలోనే ఉన్నాడని తెలిసి కనకలక్ష్మి డ్యూటీ దిగగానే అటే వెళ్ళింది. నోట్లో గొట్టం, పక్కన ఊపిరి మిషను, మూతపడిన కళ్ళు. మత్తు తగ్గిస్తున్నారు గానీ ఇంతవరకూ పిలిస్తే పలకలేదని అక్కడి నర్సు చెప్పింది. పక్కన స్టూలు మీద కాళమ్మ. మురికి నైలాన్ తాడు ఐసీయూలోకి కుదరదని ఆ నర్సే శుభ్రమైన బ్యాండేజీ గుడ్డ చింపి ఇచ్చిందట. దాని ఒక కొస నూకన్న మణికట్టుకి ఉంది, ఇంకో కొస కాళమ్మ చేతికి చుట్టి ఉంది.

"రా పాపా" అంది కాళమ్మ. "సెయ్యట్టుకు సూడు. ఎచ్చగుంది! పెళ్ళైనకాడ్నించి ఇదే ఫస్టు."

కనకలక్ష్మి పట్టుకుంది. నిజంగానే వెచ్చగా ఉంది. మోకాలు కూడా చూసుకుంది, అలవాటైపోయింది.

"గుంజాడా పిన్నీ?"

కాళమ్మ తల అడ్డంగా ఊపింది. "పొద్దున్నించీ గుంజుతన్నాను. పలకడు." ఊరుకోవడం చేతకాని మనిషి కదా, మళ్ళీ అందుకుంది. "ఏటి మావా, ఎంత నిద్దరోతావు? డోంగీ ఒడ్డునే ఉంది, అప్పలకొండ బావ కట్టేసినాడు. డోంగీ కింద దుంగ సరిగ్గా ఎట్టమని నాను సెప్పినానా నేదా? సెప్పినాను. ఇన్నావా? ఇనవు. పెళ్ళాం మాటంటే నీకు కాకి అరుపు. ఆ రోజు ఆకాసంలో నా పేనం తీసేసినావు, మూడేసి గుంజుతావా, నాకెలాగుంటాదో తెలుసా నీకు? ఇంటికెళ్ళాక సెప్తాను నీ సంగతి. డోంగీ నానే తోలుతాను, నువ్వు ఐసుపెట్టె కాడ కూకో. సేపలు లెక్కెట్టుకుంటా కూకో. ఇంకోసారి దుంగ మీద సెయ్యేసినావంటే..."

ఆగిపోయింది.

చేతికి చుట్టుకున్న గుడ్డని చూసుకుంది. కనకలక్ష్మి కూడా చూసింది. ఆ తెల్లటి గుడ్డ బిగుసుకుంది, వదులైంది. మళ్ళీ బిగుసుకుంది.

రెండు.

"సూసినావా పాపా" అంది కాళమ్మ. నవ్వుతోంది, ఏడుస్తోంది, కొంగు ఎక్కడుందో వెతుక్కుంటోంది. "సూసినావా, ఆపమంటన్నాడు! కళ్ళైనా తెరవనేదు, నోట్లో గొట్టముంది, అయినా ఆపవే అంటన్నాడు!"

"మరి ఆపు పిన్నీ" అంది కనకలక్ష్మి, కళ్ళు తుడుచుకుంటూ.

"నానేటి ఆపుతాను?" అని కాళమ్మ స్టూలు ఇంకొంచెం దగ్గరకి లాక్కుంది. "ఇను మావా..."